ఆరో నంబరు గది బయట మూట

మంగళవారం ఉదయం తొమ్మిది నలభైకి దీవిలోని ఒక లాడ్జిలో ఆరో నంబరు గది తలుపు తెరుచుకుంది. తెరిచిన మనిషి నోట్లో పళ్ల బ్రష్షు ఉంది. బయట తడిబట్టలతో నిలబడ్డ నలుగురూ ఆయన్ని అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. గది వాళ్లది. నాలుగు రాత్రులకి తీసుకున్నారు. ఒక్క రాత్రే పడుకున్నారు.

ఆ నలుగురు ఒక లాండ్రీ ఓనరు, ఆయన భార్య, తల్లి, కూతురు.

వాళ్లది ఇళ్ల బట్టలు ఉతికే లాండ్రీ కాదు. ఊళ్లోని పదకొండు హోటళ్ల దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్లు అక్కడికి వస్తాయి. ఓనరు ఉతుకు చూస్తాడు. భార్య రోలరు దగ్గర నిలబడుతుంది. రోలరంటే మనిషి పొడవుండే వేడి గొట్టం. తడి దుప్పటి ఇటు పెడితే ఇస్త్రీ అయి అటు వస్తుంది. రెండు మూలలూ సాగదీసి ముడత పడకుండా అందించడం ఆమె పని. రోజుకి నాలుగు వందల దుప్పట్లు, పద్దెనిమిదేళ్లుగా. అయిదింటికి రోలరు వేడెక్కుతుంది కాబట్టి నాలుగున్నరకి లేస్తుంది. అలారం పెట్టుకోదు. పెద్దావిడ, అంటే ఓనరు తల్లి, గలీబులు మడతపెడుతుంది. కూతురు చిన్నప్పుడు మూటలు లెక్కపెట్టి చీటీ మీద టిక్కులు పెట్టేది. అందుకని టిక్కు అని పిలవడం మొదలుపెట్టారు. ఇప్పుడు కాలేజీలో ఉంది. పేరు మాత్రం వదల్లేదు.

ఇన్నేళ్లలో వీళ్లెవరూ హోటల్లో పడుకోలేదు.

రెండు వారాల కిందట పాత బాయిలరు మార్చాలని ఫిట్టరు తేల్చాడు. అయిదు రోజులు ఏ యంత్రమూ తిరగదన్నాడు. హోటళ్లు ఆ అయిదు రోజులకీ వేరే లాండ్రీ చూసుకున్నాయి. ఆ సాయంత్రం నలుగురూ భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు.

"ఒరేయ్, అయిదు రోజులు నువ్వు ఇంట్లో కూచుంటే మా కిటికీ తెరలు కూడా పీకి ఉతికేస్తావు. ఎక్కడికైనా పోదాం పద" అంది పెద్దావిడ.

దీవికి వెళ్దామన్నది టిక్కు. ఎక్కడ ఉండాలన్నది తేలడానికి మూడు గంటలు పట్టింది.

టిక్కు ఫోనులో మూడు చోట్లు చూసి పెట్టింది. మొదటిది రేవు పక్కన ఏడంతస్తుల హోటలు.

"లిఫ్టు ఉంది నానమ్మా. ఈతకొలను కూడా ఉంది."

"లిఫ్టుందా? ఇంకేం, అదే ఖాయం చెయ్."

ఓనరు ఫోను లాక్కుని గది ఫొటోని రెండు వేళ్లతో పెద్దది చేశాడు.

"ఈ దుప్పటి అంచు చూడు. బూడిద రంగు. బ్లీచింగు పోసి పోసి చంపేశారు దీన్ని."

"నాన్నా, కిటికీలోంచి సముద్రం చూడు."

"సముద్రం ఎక్కడికి పోతుందే. ముందు దుప్పటి."

రెండోది తీరం పక్కన పన్నెండు గదుల లాడ్జి. ఓనరు ఆ ఫొటోని కూడా పెద్దది చేశాడు. ఫోను తిప్పి చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఎవడో గానీ పని తెలిసినవాడు. మూల మడత చూడవే, కత్తితో కోసినట్టుంది. నీలిమందు చుక్క ఎక్కడా లేదు. అమ్మా, ఇలా రా."

"పెళ్లిచూపుల్లో కూడా నువ్వింత పరీక్షగా చూడలేదురా" అంది పెద్దావిడ.

భార్య బల్ల చివర కూర్చుని ఉంది. బొటనవేళ్లకి మందు రాసుకుంటోంది.

"దుప్పట్లు లేని చోటేమైనా ఉందా, టిక్కూ?"

"ఉందమ్మా, మూడోది అదే. చెప్తే తిడతారని ఆగా." టిక్కు ఫోను తల్లి ముందు పెట్టింది. "కొబ్బరాకుల కప్పు కింద తాళ్ల ఊయలలు. ఎనిమిది. మంచాల్లేవు, పరుపుల్లేవు, దుప్పట్లు అసలే లేవు. చేపల వలలు అల్లే ఆవిడ నడుపుతోంది."

భార్య మందు ట్యూబు మూత పెట్టింది.

"ఇక్కడికే పోదాం."

"నువ్వు కూడా ఏంటే?" అన్నాడు ఓనరు.

"కళ్లు తెరవగానే దుప్పటి కనపడకూడదండీ. ఒక్క పొద్దున చాలు. నాలుగున్నర దాటినా పడుకునే ఉండాలి. నాకింకేం వద్దు."

ఓనరు నవ్వాడు. "అంత దూరం పోయి చేపలా వలలో పడుకుంటావా?"

"నన్ను అందులోంచి ఎవరు దింపుతార్రా? క్రేను పిలుస్తారా?" అంది పెద్దావిడ.

పెద్దావిడ లిఫ్టు సంగతి వదిలేసి లాడ్జి వైపు వచ్చింది, అది నేల మీదే ఉంది కాబట్టి. దాంతో లెక్క ఇటు ఇద్దరు, అటు ఇద్దరు అయింది. టిక్కు వాదించింది. ఓనరు లాడ్జి ఫొటో మళ్లీ మళ్లీ చూపించాడు. చివరికి భార్య, "సరే, మీ ఇష్టం" అని లేచి వెళ్లింది. ఆ ఇంట్లో ఆమె "సరే" అంటే అర్థమేమిటో పెద్దావిడకి తెలుసు. కొడుక్కి తెలియదు. లాడ్జి ఖాయమైంది.

సోమవారం మధ్యాహ్నం మూడున్నరకి పడవ దిగారు. నాలుగింటికి ఆరో నంబరు గదిలో ఉన్నారు. నాలుగు మంచాలు, రెండు కుర్చీలు, ఒక కిటికీ. ఓనరు చెప్పులు విప్పకముందే దుప్పటి అంచు వేళ్ల మధ్య పెట్టి రుద్దాడు, వాసన చూశాడు.

"రెండుసార్లు జాడించారు" అన్నాడు. "మన దగ్గర కూడా ఇంత రాదు."

ఉతికినవాడిని చూసి అభినందించాలని బయల్దేరి గంటన్నర తర్వాత తిరిగి వచ్చాడు. దీవి నీళ్లు ఉప్పన కాబట్టి చివరి జాడింపుకి వాన నీళ్లు వాడతారని తెలుసుకుని వచ్చాడు. సంతోషంగా ఉన్నాడు.

ఆ గంటన్నరా భార్య కిటికీ దగ్గర కూర్చుంది. కిటికీకీ సముద్రానికీ మధ్య లాడ్జివాళ్లు బట్టలు ఆరేసే తాళ్లు కట్టి ఉన్నాయి. లాడ్జి ఫొటో తీసిన రోజు ఉతుకుకి సెలవేమో, ఫొటోలో అవి లేవు. ఇప్పుడు ముప్పై రెండు దుప్పట్లు ఆరుతున్నాయి. ఆమె లెక్కపెట్టింది. లెక్కపెట్టకూడదని కుర్చీ ఇటు తిప్పుకుంది. ఇటు నాలుగు మంచాలున్నాయి.

"అమ్మా, చెప్పనా నాన్నకి?" అంది టిక్కు.

"ఏం చెప్తావ్? చూడు, పెళ్లికొడుకులా తిరుగుతున్నారు. ఉండనీ."

మంగళవారం నాలుగున్నరకి ఆమెకి మెలకువ వచ్చింది. చీకట్లో మొదట కనపడింది పక్క మంచం మీది తెలుపు. లేచి బయట మెట్టు మీద కూర్చుంది. ఆరున్నరకి టిక్కు, పెద్దావిడ లేచి వచ్చారు. ముగ్గురూ నీళ్ల దగ్గరికి నడిచారు. ఓనరు, "మీరు పదండి, వస్తున్నా" అన్నాడు. పది నిమిషాల్లో వచ్చాడు.

ఆ పది నిమిషాల్లో ఆయనేం చేశాడన్నది తొమ్మిది నలభై తర్వాతే బయటపడింది.

బ్రష్షు మనిషి నురగ మింగి, తాము ఎనిమిదిన్నర పడవలో వచ్చామని, గది ఖాళీ అయిందని మేనేజరు ఇచ్చాడని చెప్పాడు. నలుగురూ ఆఫీసుకి వెళ్లారు. వాళ్లని చూసి మేనేజరు కుర్చీలోంచి లేచాడు.

"మీరింకా పడవెక్కలేదా సార్?"

"పడవేంటండీ? ఇంకా మూడు రాత్రులుంటే!" అన్నాడు ఓనరు.

"మరి సామాను వరండాలో పెట్టారుగా? ఇక్కడ సామాను వరండాలో ఉందంటే వెళ్లిపోతున్నట్టే. బండివాడు తీసుకెళ్లి రేవులో దించేస్తాడు."

"గది తుడుస్తారన్నారు. తుడిచేటప్పుడు నేల మీద సామానుండకూడదని బయట పెట్టా." లాండ్రీలో రోజూ ఉదయం నేల కడిగే ముందు అలాగే చేస్తారు.

"సరే సార్. మరి ఇదేంటి?"

మేనేజరు బల్ల కింది నుంచి ఒక మూట తీశాడు. నాలుగు మంచాల దుప్పట్లూ, గలీబులూ, తువ్వాళ్లూ ఒక దుప్పటిలో కట్టి ఉన్నాయి. ముడిలో చీటీ దోపి ఉంది. మేనేజరు పైకి చదివాడు.

"గది ఆరు. దుప్పట్లు నాలుగు, గలీబులు నాలుగు, తువ్వాళ్లు నాలుగు. ఒక గలీబుకి కుట్టు ఊడింది, చూసుకోండి." చీటీ బల్ల మీద పెట్టాడు. "గలీబు కుట్టు ఊడిందని అలిగి వెళ్లిపోయారనుకున్నాం సార్. ముడి కూడా ఎంత కోపంగా బిగించారో, ఇప్పటిదాకా రాలేదు."

"నేను కట్టలేదు" అన్నాడు ఓనరు.

పెద్దావిడ మూట దగ్గరికి లాక్కుంది. లాండ్రీలో ఎవరి ముడి వాళ్లది. పెద్దావిడ ఒక చుట్టు చుట్టి వదిలేస్తుంది. భార్య కొస లోపలికి దోపుతుంది. ఓనరు రెండు చుట్లు చుట్టి మోకాలితో బిగిస్తాడు.

"రెండు చుట్లు" అంది పెద్దావిడ. "ఇది నీ మోకాలేరా."

ఓనరు మూట కేసి చూశాడు. చీటీలో గలీబు సంగతి ఉన్నది తన చేతిరాతలోనే. పొద్దున్నే దుప్పటి కనపడితే చాలు తీసి, కట్టి, చీటీ రాసి వాకిట్లో పెట్టడం పద్దెనిమిదేళ్ల అలవాటని, చేస్తున్నానన్న సంగతి కూడా తనకి తెలియలేదని చెప్పాడు. మేనేజరు నమ్మాడో లేదో చెప్పలేం. భార్య ఇంటి నుంచి తెచ్చుకున్న తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని ఓనరు కంగారుపడ్డాడు. తువ్వాలు తీస్తే నవ్వుతోంది. నవ్వి నవ్వి కుర్చీలో కూలబడింది.

"పోయి పోయి సెలవులో మన గది మనమే ఉతుక్కి వేసుకున్నామండీ" అంది.

లాడ్జిలో వేరే గది లేదు. మేనేజరు రేవు పక్క హోటలుకి ఫోను చేశాడు. అక్కడా నిండిపోయింది. టిక్కు అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఉంది. ఊయలల ఆవిడ నంబరు రెండు వారాలుగా ఆ ఫోనులోనే ఉంది.

"నాలుగు ఖాళీ ఉన్నాయట నాన్నా. మనం నలుగురం."

ఓనరు తల్లి వైపు చూశాడు. పెద్దావిడ, "నా వైపు చూడకు. మూట కట్టింది నువ్వు" అంది. ఆయన భార్య వైపు చూశాడు.

"నీకు అక్కడికే కదూ పోవాలనుంది?"

"చెప్పాగా."

"నువ్వు సరదాకి అన్నావనుకున్నా."

"పద్దెనిమిదేళ్లలో నేను సరదాకి ఎప్పుడన్నానండీ?"

"పదండి" అన్నాడు ఓనరు. మూట ముడి తానే విప్పి మేనేజరుకి ఇచ్చి బయటికి నడిచాడు.

రేవులో సామాను తీసుకుని పదకొండింటికి అక్కడికి చేరారు. మనుషులు రాలేదని పడవవాళ్లు ఆ సామాను ఎక్కించకుండా ఆపి ఉంచారు. ఊయలల ఆవిడ ఒళ్లో వల పెట్టుకుని అల్లుతోంది. కొబ్బరాకుల కప్పు, ఎనిమిది గుంజలు, గుంజలకి ఊయలలు, ఎదురుగా సముద్రం. మధ్యలో తాడు గానీ బట్ట గానీ లేదు.

"నేనిందులోంచి లేవగలనా అమ్మా?" అని అడిగింది పెద్దావిడ.

ఆవిడ ఒక ఊయల తాడు సడలించి ఇసుకకి జానెడు ఎత్తులో కట్టింది. "పడినా జానెడే అక్కా. భయమెందుకు?"

పెద్దావిడ కూర్చుంది, వాలింది. తర్వాత, "ఒరేయ్, ఊపు" అంది. ఓనరు ఊపాడు. చేయడానికి ఇంకో పని లేదు. సాయంత్రం అలవాటు ఆగక ఊయలల ఆవిడని అడిగాడు.

"కప్పుకోవడానికేమైనా ఇస్తారా?"

"చలేస్తే చొక్కా వేసుకోండి బాబూ. ఇక్కడ ఉతికే పని పెట్టుకోను నేను."

భార్య ఆ మాట విని ఆవిడ పక్కన వెళ్లి కూర్చుంది. ఇద్దరూ చీకటి పడేదాకా మాట్లాడుకున్నారు.

బుధవారం నాలుగున్నరకి ఓనరు లేచాడు. చేతులు వాటంతటవే పక్కలో వెతికాయి. తీయడానికి ఏమీ దొరకలేదు. పక్క ఊయల వైపు చూశాడు. భార్య నిద్రలో ఉంది.

అయిదింటికి నిద్రలోనే ఉంది. ఆరింటికి వెలుగు వచ్చింది. ఏడింటికి టిక్కు లేచి, "అమ్మ ఇంకా..." అనబోతే పెద్దావిడ నోటి మీద వేలు పెట్టి చూపించింది. ఓనరు దారి మొదట్లోకి వెళ్లి నిలబడ్డాడు. ఎనిమిదిన్నర పడవ దిగి వస్తున్న ఆరుగురు కొత్తవాళ్లని ఆపి, "కాస్త మెల్లగా నడవండి, మా ఆవిడ పడుకుంది" అన్నాడు. ఎవరికైనా బాగోలేదా అని వాళ్లలో ఒకాయన అడిగాడు. "అబ్బే, బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు ఓనరు.

పది దాటి పన్నెండు నిమిషాలకి ఆమె కళ్లు తెరిచింది. ఎదురుగా నీళ్లు, ఆకాశం ఉన్నాయి. ఊయల పక్కన భర్త ఇసుకలో కూర్చుని ఉన్నాడు.

"టైమెంతయిందండీ?"

"పదీ పన్నెండు."

ఆమె ఊయలలో అటు తిరిగి కళ్లు మూసుకుంది. పదకొండున్నరకి ఇంకా లేవలేదు.