చాట్ కౌంటర్ కాబోయిన పడవ

నేను ఒక పందెపు పడవను. ఇంజను లేదు, తెడ్డు లేదు, తెరచాపే నా దమ్ము. బోయినపల్లిలో మంచాలూ బీరువాలూ చేసే ఖలీల్ మేస్త్రీ నన్ను ప్లైవుడ్డుతో తయారు చేశాడు. నా నడుముకు వంపు తేలేక ఆయన పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. "మంచమైతే ఈపాటికి నలుగురు పండేటోళ్లు" అని రోజూ సణిగేవాడు. నన్ను చేయించుకున్న మిలిటరీ కెప్టెన్‌కు బదిలీ అయితే, పళ్ల డాక్టరు విద్యాధర్ రావు కొన్నాడు. అప్పటి నుంచి హుస్సేన్ సాగరే నా ఇల్లు. ఆ వాసన గురించి మీరేమైనా అనుకోండి, నాకు అలవాటే.

మనిషి నాలుక ఎన్ని రకాలుగా తిరుగుతుందో నాకు చూపించింది ఈ డాక్టరే. మా పందెంలో కొత్తవీ పాతవీ, రకరకాల పడవలు కలిసి పరుగెడతాయి. అందరికీ ఒకే కొలత పెడితే అన్యాయం కదా! అందుకని నెమ్మదిగా నడుస్తుందనుకున్న పడవకు, అది తీసుకున్న సమయంలోంచి కొన్ని నిమిషాలు కొట్టేస్తారు. దాన్నే రాయితీ అంటారు. ఇంకేం! పందేనికి ముందు మా డాక్టరు కమిటీ ఎదుట నిలబడి, నన్ను ఆస్పత్రి మంచం మీదున్న ముసలమ్మను చేసేవాడు. "పాపం మేడం, దీని పని అయిపోయింది, అడుగున కారుతది" అని కళ్లు తుడుచుకునేవాడు. కమిటీ పెద్ద ఫ్రెనీ మేడం నిట్టూర్చి రాయితీ రాసేది. ఆమె అటు తిరగ్గానే ఈయన క్యాంటీన్‌లో కూర్చుని, నా అంత పడవ దక్షిణాదిలోనే లేదని కోతలు కోసేవాడు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

ఈ ఏడాది కష్టం వచ్చిపడింది. చక్రపాణి అనే ఆసామి విదేశీ పడవ తెచ్చాడు. తళతళలాడుతూ, ముట్టుకుంటే మాసిపోయేలా ఉంది. దాన్ని చూసిన దగ్గర్నుంచి మా డాక్టరుకు నిద్ర లేదు. నన్ను అమ్మి అలాంటిదే కొనాలని పట్టుబట్టాడు. నన్ను చూడటానికి వచ్చిన బేరం ఎవరో తెలుసా? కొంపల్లిలో ఫంక్షన్ హాలు నడిపే అంజిరెడ్డి! టేపు తీసి నా పొడుగు కొలిచాడు.

"ముందల పానీపూరి, ఎన్క కట్‌మిర్చి. పెండ్లిళ్లల చాట్ కౌంటర్‌కు మస్తు సరిపోతది" అన్నాడు.

పందెపు పడవను, నేను పానీపూరి బల్లనా! డాక్టరు మాత్రం ఊపు మీదున్నాడు.

"అన్నా, ఇది పడవ గాదు, చిరుత! ఊదితె సాలు, ఉరుకుతది."

"గట్లయితె ఆదివారం పందెం గెలిపియ్యి సార్. కప్పు గెలిచిన పడవల చాట్ అని బోర్డు పెడత, మంచి రేటిస్త. ఓడితె మాత్రం నాకొద్దు. ఓడిన పడవల పెండ్లోళ్లు తింటరా? అపశకునం!"

సరిగ్గా అప్పుడే వెనక నుంచి గొంతు సవరించుకున్న చప్పుడు. చేతిలో టీ కప్పుతో ఫ్రెనీ మేడం!

"డాక్టర్ గారూ, పోయిన వారమే దీని పని అయిపోయిందని ఏడ్చారు. చిరుతకు రాయితీ ఎందుకండీ?"

అక్కడికక్కడే రాయితీ ఎగిరిపోయింది. ఇక చక్రపాణి పడవ కంటే ముందు చేరితేనే కప్పు. గెలిస్తే నేను చాట్ కౌంటర్‌ను, ఓడితే నీళ్ల మీద పడవను. ఏ పడవకైనా ఇంత విడ్డూరమైన గతి పట్టిందా?

నాలాగే కుమిలిపోయిన మనిషి ఇంకొకరున్నారు. డాక్టరు మేనకోడలు రజిత. బడిలో ఆటల టీచరు. కాలేజీ రోజుల నుంచీ నా ముందు తెరచాప తాడు ఆమె చేతిలోనే ఉంది. ఆదివారం పొద్దున నన్ను తుడుస్తూ, "జెర మెల్లగ పోవే, నీకు దండం పెడత" అని గుసగుసలాడింది. అలాగే తల్లీ అనుకున్నాను.

హారన్ మోగింది. రజిత తాడు వదులుగా పట్టుకుంది. నేనూ ఒళ్లు బరువు చేసుకుని, పెళ్లికి ఇష్టం లేని పిల్లలా ఈడ్చుకుంటూ కదిలాను.

"గుంజు బిడ్డా! నిద్ర పోతున్నవా?" అని డాక్టరు చుక్కాని దగ్గర నుంచి అరుస్తున్నాడు. అంతా మేమనుకున్నట్టే సాగుతోంది. ఇంతలో చక్రపాణి పడవ మమ్మల్ని రాసుకుంటూ దాటింది.

"డాక్టర్ సాబ్! మీ చాట్ బండి జెర పక్కకు జరుపుండ్రి!"

అంతే. రజిత మొహం ఎర్రబడింది. "ఎవల్ని అంటున్నవ్ రా?" అని ఒక్క గుంజు గుంజింది. తెరచాప టప్పున బిగిసింది. నేను మాత్రం ఊరుకుంటానా? రోషం లేదూ నాకు? బుద్ధుడి విగ్రహం వైపు నుంచి గాలి వచ్చింది. నేను బోల్తా పడకుండా రజిత అంచు మీంచి నీళ్లకేసి ఒరిగిపోయి బరువు కాచింది. డాక్టరు అరుపులు మానేసి నా చుక్కానిని వేళ్లతో పట్టాడు. ముగ్గురం ఏమనుకుని వచ్చామో మరిచిపోయాం. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. చివరి మలుపులో విదేశీ దొరసానిని పట్టేశాం, మూరెడు ముందు గీత దాటాం.

హారన్ మోగాక గానీ రజితకు ఒంటి మీద స్పృహ రాలేదు.

"గెలిచినం గద మామా... ఇగ ఇది పోయినట్టే" అని నా మీద తల ఆనించి ఏడ్చింది.

ఒడ్డున అంజిరెడ్డి బంతిపూల దండతో, బయానా డబ్బుతో సిద్ధంగా ఉన్నాడు. డాక్టరు మోకాలిలోతు నీళ్లలో నన్ను పట్టుకుని నిలబడ్డాడు. ముక్కు నుంచి తోక దాకా నన్ను ఒకసారి చూశాడు. తర్వాత ఆయన గొంతులోంచి నాకు బాగా తెలిసిన ఆ ఏడుపు వినిపించింది.

"ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు అంజన్నా. దీని పని అయిపోయింది. అడుగున కారుతది. నీ పానీపూరి నీళ్లు దీన్ల నిలువయి."

"మరి చిరుత అంటివి?"

"నోరు జారిన."

"గెలిచిన పడవను ఇంతగనం తిట్టెటోన్ని నేన్ జూడలే" అంటూ అంజిరెడ్డి దండ తీసుకుని వెళ్లిపోయాడు.

పక్కనే నిలబడి అంతా విన్న ఫ్రెనీ మేడం కళ్లద్దాలు సర్దుకుంది.

"ఇంత పాడైపోయిందంటున్నారు. పాత రాయితీ మళ్లీ రాసెయ్యమంటారా, డాక్టర్ గారూ?"

అలవాటు కొద్దీ డాక్టరు నోరు తెరిచాడు.

"వద్దు మేడం" అన్నాడాయన. "దానికి అక్కర లేదు."

క్యాంటీన్‌లో ఆయన నన్ను ఎంత పొగిడినా నాకు సిగ్గేగానీ సంతోషం కలగలేదు. ఈ రెండు ముక్కలకు మాత్రం ఒళ్లు పులకరించింది.

అన్నట్టు, అడుగున కారడం అబద్ధం కాదు. ఆ సాయంత్రం రజిత మగ్గుతో నీళ్లు తోడిపోసింది. డాక్టరు నన్ను బోర్లించి, పక్కన చతికిలబడి, నా చిల్లును పిప్పిపన్ను పూడ్చినంత ఓపికగా పూడ్చాడు.