వాసన రాని మందు

పాన్‌గల్ దగ్గర కౌలుకు చేస్తున్న రెండెకరాల పల్లి చేనులో రహీమున్నీసా ఒక ఆకు తెంపి ముక్కు దగ్గర పెట్టుకుంది. పచ్చివాసన తప్ప ఏమీ లేదు. మందు కొట్టి తొమ్మిది రోజులైంది. లద్దె పురుగు ఆకులను జల్లెడ చేస్తూనే ఉంది. ఈ పంట పోతే వచ్చే ఏడు ఈ చేను ఆమెకివ్వరు.

ఆ మందు పురుగును చంపదట. పరిశోధన కేంద్రం వాళ్లు పంపిన వసంత మేడం చెప్పింది: మందు తగిలిన మొక్క తనకు పురుగు పట్టిందనుకొని ఒక వాసన వదులుతుంది. దానికి చిన్న కందిరీగలు వచ్చి పురుగులో గుడ్లు పెడతాయి; వాటి పిల్లలు పురుగును లోపల్నుంచి తినేస్తాయి. విషం కొడితే అవీ చస్తాయి. ఇంత చెప్పి జీపెక్కింది. ఆ వాసన మనిషి ముక్కుకు అందదని మాత్రం చెప్పలేదు. అసలు మాటే మరిచే చదువెందుకో!

పక్క చేను ఈరన్న నవ్వాడు. "మందంటే తల తిరగాలె చెల్లె! నీ మందు కన్న మా ఇంటి చాయ్‌కే వాసనెక్కువ."

వాసన రాకపోతే మనమే కలుపుదాం అనుకుంది రహీమున్నీసా. గురువారం ఇంట్లో వేసే లోబాన్, అదే సాంబ్రాణి, పొగను మట్టిచిప్పలో తెచ్చి సాలు సాలుకూ పట్టింది.

మరునాడు తమ్ముడు ఇలియాస్ విషం కలిపిన ట్యాంకు వీపున వేసుకొని వచ్చాడు. "జరుగు ఆపా. చేనంటే దర్గా అనుకున్నవా?"

అప్పుడే వసంత జీపు దిగింది. పొగ సంగతి విని బిత్తరపోయింది.

"పొగ పెట్టిన్రా? కందిరీగలు పోయినయేమో!"

"పోయినయా, ఉన్నయా? ఒక్కటి చెప్పు మేడం."

"తెల్వదమ్మా. పొగ పెట్టి ఎవరూ చూడలే."

ముగ్గురూ వంగి వెతికారు. ఒక ఆకు కింద పురుగు చచ్చి ఉంది. పక్కన బియ్యపు గింజంత తెల్లటి గూడు. కందిరీగదే అంది వసంత. పక్క మొక్క మీద నాలుగు పురుగులు నింపాదిగా తింటున్నాయి.

"ఒక్కటి సచ్చింది. ఒక్కటే!" ఇలియాస్ గొట్టం ఎత్తాడు.

రహీమున్నీసా ఆ ఆకుకు రెండు చేతులూ అడ్డం పెట్టింది. "ఈ గూట్లకెళ్లి ఈగ ఎప్పుడొస్తది మేడం?"

"నాలుగైదు రోజులు."

"అప్పటిదాక చేనుంటదా?"

రహీమున్నీసా లేచి తమ్ముడి భుజం మీది పట్టీ విప్పి ట్యాంకు కిందికి దించింది. తాను చేస్తున్నది తెలివో పిచ్చో ఆమెకే తెలియలేదు.

"దీన్ని ఇంటికెత్తుకపో" అంది.