పరగడుపు గ్లాసు

మాత్రలు వేసుకోవడం లేదంటాడా, ఎంతమాట, మొన్నమొన్ననే తెల్లకోటు తొడుక్కున్న డాక్టరు, కారిడార్ మధ్యలో నిలబెట్టి, మేడమ్, మీ అక్కగారి రక్తంలో ఆ మందు జాడే లేదండీ, నెలల తరబడి వేసుకోనట్టుంది, మీకు తెలియకుండా పారేస్తున్నారేమో అన్నాడు, మెల్లగానే అన్నాడు, అయినా పోలెట్‌కి నలుగురిలో చెంప ఛెళ్లుమన్నట్టయింది, పారేయడానికి మాత్ర అక్క లియోనీ చేతికి వెళితే కదా, తన వేళ్లతో తనే ఆ నాలుక మీద పెడుతుంది, గ్లాసు పెదాలకు ఆనిస్తుంది, గొంతు మీద ఆపరేషన్ చేసిన సన్నటి గీత గుటకతోపాటు పైకి లేచి కిందికి దిగేదాకా కళ్లార్పకుండా చూస్తుంది, ఆ గొంతులోంచి థైరాయిడ్ గ్రంథి తీసేసిన రోజే చెప్పారు, ఇక దాని పనంతా ఈ చిన్న తెల్లమాత్రే చేయాలి, బతికినంతకాలం రోజూ పొద్దున్నే పరగడుపున వేసుకోవాలి అని, వేసింది, ఒక్క పొద్దు తప్పలేదు, తనకి ఒళ్లు కాలిపోతున్న రోజున కూడా గోడ పట్టుకుని లేచి వెళ్లి వేసింది, చర్చికైనా మానేసింది గానీ ఆ మాత్ర మానలేదు, అలాంటిది జాడే లేదంటే ఎక్కడికి పోయినట్టు, అన్ని మాత్రలూ ఎవరు తిన్నట్టు.

లియోనీని పడుకోబెట్టిన గది తలుపుకి గుండ్రటి అద్దం ఉంది, లేచి చూడాలంటే భయంగా ఉంది, కూర్చుంటే లియోనీ ఇంకా తమ ఇంట్లోని లియోనీయే, లేచి చూస్తే మొహం వాచి కళ్లు మూతపడి గొట్టాల మధ్య పడుకున్న ఎవరో పెద్దావిడ, పొద్దున్న ఎంత లేపినా లేవలేదు, చెయ్యి ముట్టుకుంటే నేలమాళిగలో జున్ను ముట్టుకున్నట్టు చల్లగా ఉంది, లియోనీ, లియోనీ, ఇదిగో నీ గ్లాసు అంటూ భుజం కుదిపింది, అవును, అప్పుడు కూడా చేతిలో గ్లాసు ఉంది, ఆ గ్లాసులోదే సీసాలో పోసి సంచిలో పెట్టుకుని అంబులెన్సు ఎక్కింది, పక్కన చెక్క చెంచా కూడా పెట్టింది, ఆస్పత్రిలో అన్నీ స్టీలు చెంచాలే, మట్టికి లోహం తగిలిందంటే దాని శక్తి పోతుంది, నర్సు అటు తిరిగినప్పుడు రెండు చెంచాలు, ఎక్కువేం కాదు, పెదాల మధ్య రెండంటే రెండు చెంచాలు పోస్తే చాలు, ఒంట్లోది లాగేస్తుంది, కళ్లు తెరుస్తుంది, డాక్టరు అడిగాడు, ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని, లేదండీ అంది, అబద్ధం ఏముంది అందులో, అది మందు కాదు కదా, మట్టి, వెలే సీమ మట్టి, తాము పుట్టిన నేలలోంచి తవ్వి తీసిన ఆకుపచ్చ మట్టి.

మందులంటే వాళ్లవే మందులు, ఆపరేషన్ అయ్యాక ఏదో గొట్టంలోంచి తీసి ఒక గోళీ మింగించి, ఇందులో కిరణాలుంటాయి, మిగిలిన చెడ్డ కండని కాల్చేస్తాయి అని చెప్పి లియోనీని సీసపు తలుపుల గదిలో పెట్టారు, అన్నం పళ్లెం గడప దగ్గర పెట్టి పారిపోయేవారు, పోలెట్ అద్దంలోంచి చెయ్యి ఊపింది, ఇంటికి పంపేటప్పుడు పసిపిల్లల్ని దగ్గరికి రానివ్వకండి అన్నారు, అంటే ఒంట్లో విషం పెట్టే పంపారన్నమాట, అడిగితే అదంతా దానంతటదే పోతుంది మేడమ్ అని నవ్వారు, అలా నవ్వేవాళ్లని ఎలా నమ్మడం, చెర్నోబిల్ అణుప్రమాదపు మబ్బు మనదాకా రాలేదని ఆ రోజుల్లో టీవీలో చెబితే నమ్మి తోటలో లెట్యూస్ కోసుకుని తిన్నారు ఇద్దరూ, మళ్లీ ఎవరి మాటా వినకూడదని లియోనీయే అంది ఎన్నోసార్లు, తీరా ఊళ్లో ఉన్న ముసలి డాక్టరు రిటైరైపోయాక ఆ కుర్చీలోకి ఎవరూ రాలేదు, మందులషాపువాళ్లు పాత చీటీ చూసి మాత్రలిచ్చేవారు, రక్తం పరీక్ష చేయించమని అడిగే నాథుడే లేడు, అప్పుడు దొరికింది మేడమ్ రిబేర్ అంగడి, మూలికలు, తేనె, మట్టి, మేడమ్ రిబేర్ చెయ్యి పట్టుకుని చెప్పింది, అక్కగారి ఒంట్లోంచి ఆ పాడంతా పీల్చేసేది ఇదొక్కటేనమ్మా, రాత్రి గాజుగ్లాసులో చెంచాడు పొడి వేసి నీళ్లు పోసి కిటికీలో పెట్టు, చెక్క చెంచాతోనే కలుపు, పొద్దున్నే పరగడుపున తాగించు, మొదట పైన తేట, అలవాటయ్యాక అడుగుతో సహా, పరగడుపున అనగానే పోలెట్‌కి ఎంత హాయిగా అనిపించిందో, మాత్రా పరగడుపునే, మట్టీ పరగడుపునే, రెండు గ్లాసులెందుకు, ఒకే గ్లాసుతో సరిపోతుంది, ఇంట్లో పని సర్దుకోవడంలో తన తరవాతే ఎవరైనా అని లియోనీ ఎప్పుడూ మెచ్చుకునేది.

మెచ్చుకునేది, తరవాత్తరవాత మెచ్చుకోవడానికి ఓపిక ఎక్కడిది, ఆ వేసవి ఎండల్లోనే స్వెటర్ అడిగింది, మాట బరువెక్కింది, గొంతు మగగొంతులా బొంగురుపోయింది, దువ్వెన నిండా జుట్టు, లేసు అల్లే దిండు ముందు పెట్టుకుని దారపు కండెలు పట్టుకుని అలాగే కూర్చునేది, ఏ కండె ఎటు వెయ్యాలో గుర్తురాక, చిన్నప్పటినుంచీ కళ్లు మూసుకుని అల్లిన చేతులు, మేడమ్ రిబేర్‌తో చెబితే తల ఊపింది, పోతోందమ్మా పోతోంది, ఒంట్లో మురికి బయటికొచ్చేటప్పుడు మనిషి అలాగే డీలా పడతాడు, ఆపావంటే మొదటికొస్తుంది, ఇంకాస్త చిక్కగా పట్టించు అంది, చిక్కగా పట్టిస్తే పాకెట్ ఎన్నాళ్లొస్తుంది, ఇద్దరి పింఛన్లతో ఆ పాకెట్లు కొనలేక ఒకరోజు అంగట్లోనే అడగలేక అడిగింది, ఇంతకన్నా చవకది లేదా మేడమ్ అని, ఆవిడ మొహం అటు తిప్పుకుంది, వేసవి పోయి చెస్ట్‌నట్ కాయలు రాలే కాలం అది, అక్కడ మొదలైంది తిరుగుడు, కుండలు చేసేవాళ్ల దగ్గరికెళ్లింది, అది కాల్చే మట్టి, తాగేది కాదు పొమ్మన్నారు, వాగు గట్టున తనే పలుగుతో తవ్వి తెచ్చింది, ఎండబెడితే తుప్పురంగు తేలింది, పక్క ఊళ్ల అంగళ్లన్నీ కాళ్లరిగేలా తిరిగింది, ఇంటికొచ్చి లియోనీకి మొహం చూపించలేక బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చింది, నా చేతకానితనం వల్ల అక్క ఒంట్లో విషం అలాగే ఉండిపోతోందే అని ఏడ్చింది, ఆఖరికి మంచు మొదటిసారి పడ్డాక మార్సెలిన్ చెప్పాడు, గుర్రాలు పెంచేవాడు, రొట్టెల దుకాణం దగ్గర కనబడి, ఓస్ దీనికా ఇంత అవస్థ, మా గుర్రాల కాళ్లు వాస్తే పట్టు వేసేది అదే మట్టి, రైతుల గిడ్డంగిలో బస్తాల్లెక్కన అమ్ముతారు, చవక, బస్తా నేను తెచ్చి పడేస్తాలే అన్నాడు, పడేశాడు, వంటింట్లో బస్తా దిగడం చూసి లియోనీ పడీపడీ నవ్వింది, గుర్రాలదా, నాకు తాగిస్తావా పోలెట్, రేపు పొద్దున్న సకిలిస్తే పూచీ నీదే, అని నవ్వింది.

ఆ గుర్రాల మట్టే చేసింది ఇదంతా, ఇంకేముంటుంది, అందులో ఏం కలుపుతారో ఎవడికి తెలుసు, గుర్రాల కాళ్లకి పూసేది మనిషి కడుపులోకి పోస్తారా ఎవరైనా, చవకని చెప్పి ఒకటికి రెండు చెంచాలు వేసింది, బస్తా నిండుగా ఉందన్న ధైర్యంతో సాయంత్రం కూడా పట్టించింది, బుర్ల్ గాలి మంచుని ఎగరేసుకొచ్చి తలుపులు మూసేసిన రోజుల్లో లియోనీ పొయ్యి పక్కన పగలంతా నిద్రపోతుంటే, పీలుస్తోందిలే, బాగా పీలుస్తోంది అనుకుంటూ గ్లాసు కడిగింది, పిసినారితనంతో తోడబుట్టిన దాన్ని చంపుకుంటోందని ఊరంతా అంటుంది, అననీ, నిజమేగా, తలుపు తెరుచుకుని నర్సు బయటికొచ్చింది, లావుపాటి మనిషి, పల్లెటూరి గొంతు, ఏమ్మా ఇక్కడే ఉన్నావా, పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా, అనేసరికి పోలెట్ నోట్లోంచి మాట జారిపడింది, నేను గుర్రాల మట్టి తాగించానండీ, షాపుది కొనలేక, నర్సు చేతులు తుడుచుకుంటూ వింది, కోప్పడలేదు, గుర్రాలదైనా షాపుదైనా మట్టి ఒకటే కదమ్మా, మా ఇంట్లోనూ ఉంది, ఫ్రిజ్‌లో సాసర్‌లో పెడతా, ఉన్న వాసనంతా పీల్చేస్తుంది, అయినా ఒక మాట డాక్టరు చెవిన వెయ్యి, ఆయన మళ్లీ వస్తాడు, అని చక్రాల బల్ల తోసుకుంటూ వెళ్లిపోయింది.

గుర్రాలదైనా షాపుదైనా ఒకటే, గుండె మీద బరువు దిగాలి కదా ఆ మాటకి, దిగలేదు, ఫ్రిజ్, తమ ఫ్రిజ్‌లోనూ ఉంది సాసర్, మేడమ్ రిబేర్ చెబితేనే పెట్టింది, జున్ను వాసన పోవాలని, పోయింది, లియోనీ ఒకరోజు కస్టర్డ్ నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది, వెనిలా వేశావా ఇందులో, వేశానే, మరి ఏదీ, అది కూడా తాగేసిందా నీ మట్టి, ఇద్దరూ నవ్వుకున్నారు, వెన్నకీ రుచి లేదు ఆ వారం, జున్ను కంపూ పోయింది, వెనిలా కూడా పోయింది, ఆ సాసర్‌కి ఏది కంపో ఏది వెనిలానో ఎవరు చెప్పారు, ఒకసారి చెయ్యి జారి మాత్ర గ్లాసులో పడింది, చెక్క చెంచాతో వెతికి తీస్తే చెంచాలో ఆకుపచ్చ బురద తప్ప ఏమీ లేదు, పర్లేదులే, ఎలాగూ ఇందులోనే కదా అని మొత్తం పట్టించింది, ఎలాగూ ఇందులోనే, ఒకే గ్లాసు, రెండు గ్లాసులెందుకు, పోలెట్ సంచి తెరిచి సీసా వైపు చూసింది, మాత్ర ఎక్కడికి పోయిందంటే అక్కడికే, నాలుక మీద పెట్టింది, గుటక చూసింది, వెనకాలే తన చేత్తోనే దాన్ని పీల్చేసేది పోసింది, అందుకే చలి, అందుకే ఆ వాపు, బొంగురు గొంతు, మరిచిపోయిన కండెలు, విషం పోవడం కాదు అది, ఒక్క పొద్దు తప్పలేదు అని చెప్పుకుంది కదా, ఒక్కటంటే ఒక్క పొద్దు ఆ మట్టి తప్పినా ఆ రోజుకి లియోనీకి మాత్ర దక్కేది, కారిడార్ చివర ఆ డాక్టరు వస్తున్నాడు, పోలెట్ లేచింది, సీసా తీసి పట్టుకుంది, మాత్ర ఇచ్చానండీ, దీంతో ఇచ్చాను అని చెప్పాలి, అంతే చెప్పాలి, కానీ కాళ్లు కదలడానికి ముందే ఇంకొకటి మనసులోకి వచ్చి నిలబడింది, పాకెట్ అయిపోయి మట్టి కోసం ఊళ్లు పట్టుకు తిరిగిన ఆ కాలం, వట్టి నీళ్లతో మాత్ర వేసిన కాలం, చెస్ట్‌నట్లు రాలడం మొదలైనప్పటినుంచి మంచు పడేదాకా, అప్పుడే కదా లియోనీ స్వెటర్ విప్పి కుర్చీ మీద పడేసింది, లేసు దిండు తెమ్మని అడిగింది, అంచు చుట్టూ ఆకులు అల్లింది, పప్పుతో సాసేజ్ ఇంకొంచెం వెయ్యవే అంది, బస్తా చూసి సకిలిస్తానని నవ్వింది, ఆ నవ్వు చూసి పోలెట్ ఏమనుకుంది, ఇన్నాళ్లూ తాగిన మట్టి ఇప్పుడు పనిచేస్తోంది, మధ్యలో ఆపకూడదు అనుకుని అదే రాత్రి బస్తా మూతి విప్పి గ్లాసు కలిపి కిటికీలో పెట్టింది, మట్టి దొరకడం లేదని తను ఏడ్చిన ఆ కాలమంతా అక్క బాగుంది.