తాళం తీసే పేరు

పద్దెనిమిదో మేకుకు రేకు బిళ్ల లేదు. వీరన్న కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి బోర్డంతా వేలితో తడిమాడు.

"సాల్మన్, జేబు చూస్కో" అని కేకేసింది డ్రాయింగులు గీసే నవత. "పోగొడ్తవని ఇంట్ల నీకు తాళంచెవి గూడ ఇయ్యరు గదా! ఈ బిళ్ల గూడ పోగొడ్తవా?"

మెషిను నడిపే సాల్మన్ నాలుక కరుచుకుని బిళ్ల తెచ్చి తగిలించాడు.

ట్రాక్టర్ విడిభాగాలు చేసే ఆ షెడ్డులో, కంప్యూటర్‌లోని ఒక్కో డ్రాయింగుకు బోర్డు మీద ఒక్కో బిళ్ల. డ్రాయింగు మార్చేవాళ్లైనా, మెషిను మీద వాడేవాళ్లైనా బిళ్ల తీసుకోవాలి. అది తిరిగొచ్చేదాకా ఇంకొకరు ముట్టకూడదు. ఏడో తరగతిలో బడి మానేసిన వీరన్న పెట్టిన పద్ధతి. ఇరవై రెండేళ్లలో ఒక్క డ్రాయింగూ చెడలేదు. ఎవరూ శాలువా కప్పలేదు. శాలువాలు డిగ్రీలున్న భుజాలకే సరిపోతాయి.

ఈరోజుతో ఆయన నౌకరి ఆఖరు. బోర్డు స్థానంలో ఏ సాఫ్ట్‌వేర్ పెట్టాలో సాయంత్రానికి తేల్చమని యజమాని రామచందర్ ఆయనకే వదిలేశాడు. తన తరువాత డ్రాయింగులు ఆగం కాకూడదు. వీరన్నకు ఫికరంతా అదే.

"నేను చెప్పేదే పెడదాం కాకా" అన్నాడు మెషిన్లకు ప్రోగ్రాములు రాసే మహిధర్. "ఎవరి కాపీల వాళ్లు పని చేస్కుంటరు. ఆఖర్ల కలుపుతం."

"నీ ప్రోగ్రాము రాత, లైనుకు లైను కలుస్తది. నా డ్రాయింగెట్ల కలుస్తది?" అంది నవత.

"మాటలొద్దు. చేసి చూపెట్టున్రి" అన్నాడు వీరన్న.

ఇద్దరూ ఒకే బ్రాకెట్ డ్రాయింగు తీశారు. నవత హోలు పెద్దది చేసింది. మహిధర్ పక్కన ఇంకోటి పెట్టాడు. కలపబోతే కంప్యూటర్ ఒకటే ఎంచుకోమంది. మహిధర్‌ది ఎంచుకుంటే నవత హోలు మళ్లీ చిన్నదైంది.

"చూసినవా కాకా, నా హోలు మింగిండు!"

"మింగలే, పాత కాపీల దాచిన."

వీరన్న నవ్వి, నవత తెచ్చిన ఇంకో సాఫ్ట్‌వేర్ తెరవమన్నాడు. ఆమె డ్రాయింగుకు తాళం వేయగానే మహిధర్ తెర మీద 'నవత దగ్గర ఉంది' అని పడింది. తన బిళ్లే తెర ఎక్కినట్టు వీరన్న ముఖం విప్పారింది. అంతలోనే అనుమానం.

"తాళమేసి మనిషి జాతరకు పోతే?"

అందరూ సాల్మన్ వైపు తిరిగారు. బిళ్ల జేబులో పెట్టుకుని ఝరాసంగం జాతరకు వెళ్లింది అతనే. ఆ డ్రాయింగు ముట్టే వీలులేక మెషిను మూడు రోజులు ఆగింది. వీరన్న ఆటో ఎక్కి వెళ్లి తెచ్చాడు.

"బిళ్ల గుంజుకొని వచ్చిండు కాకా. నన్ను బువ్వ తిన్నవా అని గూడ అడగలే" అన్నాడు సాల్మన్. షెడ్డంతా నవ్వు.

"తాళమేసినోళ్లు లేకున్నా తీసేటందుకు ఒకరి పేరు పెట్టొచ్చు కాకా" అంది నవత. "ఎప్పుడు తీసిన్రో అందుల రాసుంటది. తాళం డ్రాయింగులకే. ప్రోగ్రాములు ఎప్పటిలెక్కనే."

"అట్లైతే నాకేం నొప్పి?" అన్నాడు మహిధర్.

"ఇదే పెట్టున్రి" అని తేల్చేశాడు వీరన్న.

నవత కీబోర్డు దగ్గరికి లాక్కుంది. "తాళం తీసే పేరు నీదే పెడుతున్న కాకా."

ఆయన వెంటనే వద్దనలేదు. ఆ తెర మీద తన పేరు ఎట్లా ఉంటుందో ఒక్కసారి ఊహించుకున్నాడు.

"రేపటిసంది మా ఊరు చిరాగ్‌పల్లిల బర్రెలకు మేతేస్తుంట. గడ్డి కింద పడేసి తాళం తియ్యాల్నా? నీ పేరు పెట్టు బిడ్డా."

"నేను చెప్తే వింటరా కాకా?"

"పొద్దుగాల సాల్మన్‌ను తిట్టినవ్ గదా, విన్నడు."

అందరికంటే గట్టిగా నవ్వింది సాల్మనే. మహిధర్ మిర్చీలు తెప్పించాడు. తిని చేతులు తుడుచుకుని చూస్తే వీరన్న లేడు. చెప్పులేసుకుని హైవే మీద ఆటో ఎక్కేశాడు.

ఆయన బల్ల కింద కంపెనీ బూట్లు పక్కపక్కనే ఉన్నాయి. అడుగుల్లో ఇరుక్కున్న ఇనుప రజను సాయంత్రపు ఎండకు మెరుస్తోంది.