పుల్ల చేపల పురుడు

సముద్రం చూడాలంటే రాత్రంతా బస్సులో పోవాల్సిన సిద్దిపేటలో ఉప్పునీటి చేపలు పెంచాలన్న బుద్ధి ఎవరికైనా పుడుతుందా? నరేందర్‌కు పుట్టింది. ఎవరి పిచ్చి వారికి ఆనందం. పాత బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం అతనిది. పగలంతా భూతద్దం కింద ఆవగింజంత స్క్రూలు తిప్పే మనిషికి పెద్ద చేపలు కంటికి ఆనవు కాబోలు, వెతికి వెతికి పైప్ ఫిష్ జంటను తెచ్చుకున్నాడు. చీపురుపుల్లంత సన్నం, వేలెడు పొడుగు, గొట్టంలాంటి మూతి. ముందు గదిలో రెండడుగుల గాజు తొట్టి, అందులో నాలుగు పగడపు రాళ్లు, ఆ రాళ్ల సందుల్లో ఈ రెండు పుల్లలు. వాటికి కదిలే మేతే కావాలి, చచ్చిన పురుగును ముట్టవు. అందుకని కంటికి ఆనీ ఆనని రొయ్యపిల్లలను సీసాలో పొదిగించి మూడు పూటలా పెట్టేవాడు. తన అన్నం మరిచినా వాటి మేత మరిచేవాడు కాదు.

అతని తల్లి బుచ్చవ్వ ఏడాదిపాటు ఆ తొట్టి వంక చూడనైనా చూడలేదు. పసిపిల్లలకు నీళ్లు పోయడం ఆమె పని. వాడలో బాలింత ఉన్న ప్రతి ఇంటికీ ఆమె పోవాల్సిందే. బిడ్డను కాళ్ల మీద వేసుకుని, నలుగు పెట్టి, నీళ్లు పోసి, నిప్పుల మీద ఊదు చల్లి ఆ పొగ పట్టి, నిద్రపుచ్చి గానీ లేవదు. అలాంటి మనిషికి చేపలతో ఏం పని? కానీ పని పడింది. ఈ చేపల్లో గుడ్లు మోసేది మగదని ఒకనాడు కొడుకు చెప్పాడు.

"మొగోడు కంటడా?" అంది బుచ్చవ్వ.

"కంటడు. గదో, కడుపు కింద ఎర్రగ కనవడ్తలేదా? గవే గుడ్లు."

ఆమె అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూసింది. "మీ నాయిన గిది చూసి పోవల్సుండె" అంది.

ఆ రోజు నుంచి ఆమె లెక్కలో అది చేప కాదు, నెలలు నిండిన మనిషి. తొట్టి పక్కన గట్టిగా మాట్లాడితే కోడలు రజినికి చీవాట్లే.

అంతకుముందు రెండుసార్లు పుట్టిన చేపపిల్లలు మూడో రోజు దాటలేదు. ఈసారి నరేందర్ పంతం పట్టాడు. పదకొండు పిల్లలు పుట్టాయి, వెంట్రుక ముక్కల్లా ఉన్నాయి. వాటిని వేరే గాజు డబ్బాలోకి మార్చి, గాలి పంపు పెట్టి, దుకాణం మధ్యాహ్నం దాకా తెరవకుండా వాటి ముందే కూర్చున్నాడు. మూడు రోజులు దాటాయి. ఐదు దాటాయి. మేత తినడం కళ్లారా చూసి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. "ఇంకో పది రోజులు ఆగితే బతికినట్టే అవ్వా" అన్నాడు ఎనిమిదో నాడు. ఇక నిలుస్తాయన్న ధైర్యంతో తొమ్మిదో నాడు పొద్దున్నే దుకాణానికి పోయాడు.

మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి గదంతా ఊదు వాసన. పిల్లల డబ్బా మీద గంప బోర్లించి ఉంది, గంప మీద పాత చీర కప్పి ఉంది. లోపల మూకుట్లో నిప్పులు. గంప కిందే ఉన్న గాలి పంపు ఆ పొగను గుంజి బుడబుడమని నీళ్లలోకి వదులుతోంది.

"తొమ్మిదొద్దులాయె గద కొడుకా, గియ్యాల పురుడు" అంది బుచ్చవ్వ నవ్వుమొహంతో. "నీళ్లు పోసుడు ఎట్లాగు లేదు. పొగన్న పడదామని."

నరేందర్ గంప ఎత్తాడు. పదకొండూ అడుగున పడి ఉన్నాయి. డబ్బాను వేలితో తట్టాడు, ఒక్కటీ కదల్లేదు. అతనికి ఏడుపు, కోపం కలిసి వచ్చాయి.

"సంపినవ్ అవ్వా. నీ పొగకే సచ్చినయి. గంత చిన్న పానాలకు పొగ పడ్తదా? ఊపిరాడక సస్తయి."

బుచ్చవ్వ నవ్వు ఆగిపోయింది. "మనుషుల పిల్లలకు గూడ గంతేనా?" అని అడిగింది.

"గంతే. ఎవ్వలకైనా గంతే" అని, అన్నం తినకుండానే వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున నాలుగిళ్ల అవతలి వందన రజినికి ఫోన్ చేసింది. బిడ్డకు నీళ్లు పోయడానికి అవ్వ ఇంకా రాలేదేమని. నరేందర్ పెరట్లోకి వెళ్లి చూస్తే బుచ్చవ్వ బండ మీద ఊరికే కూర్చుని ఉంది.

"పానం మంచిగ లేదా అవ్వా?"

"మంచిగనే ఉంది. నేనిగ పోను."

మళ్లీ ఆమే అంది. "నీకంటె ముందల ఒకడు పుట్టిండు గద."

ఆ సంగతి నరేందర్‌కు తెలుసు. పేరు పెట్టకముందే పోయాడని ఎప్పుడో విన్నాడు.

"వానకాలం. సలి పెడ్తదని తలుపు పెట్టి రెండు పూటల పొగ పట్టిన. దగ్గు లేసింది. దగ్గు తగ్గాలని ఇంకింత పట్టిన. దవాఖానకు పట్కపొయ్యేలోపు పోయిండు. దేవుడు తీస్కపోయిండని గిన్నేండ్లు అనుకున్న."

నరేందర్‌కు నిన్న తను అన్న మాట ఎక్కడ తగిలిందో ఇప్పుడు తెలిసింది. "చాపలది వేరు అవ్వా" అన్నాడు గబగబా. "గా మోటర్ గుంజింది పొగను. కోపంల ఏదో అన్న. మనుషులకు గట్ల కాదు."

బుచ్చవ్వ కొడుకు మొహంలోకి చూసింది.

"మోటర్ గుంజింది" అంది మెల్లగా. "మరి పిల్లగాడు గుంజలేదా?"

నరేందర్ కూడా తల్లి పక్కన బండ మీద కూర్చున్నాడు. లోపల రజిని ఫోన్‌లో వందనతో, ఇయ్యాల మీరే పోసుకోండి, అవ్వ రాదు అని చెబుతోంది.