టైరు వెనక రాయి

హెన్రీకి కోపం ముక్కు మీదే ఉంటుంది. కర్నూలులోని అతని షెడ్డుకు వచ్చి, "గేరుబాక్సు పోయిందన్నా, మార్చెయ్" అన్నవాణ్ని అక్కడికక్కడే కడిగి పారేస్తాడు. రోగమేందో నువ్వే చెప్తే ఇంక నేనెందుకు, నువ్వే చేసుకోపో అంటాడు. కానీ అతను బండి చూసి ఒక మాట అన్నాడంటే దానికి తిరుగులేదు. ఆ మాట మీదే ఇన్నేళ్లూ బతికాడు.

శివజ్యోతి అతన్ని వెతుక్కుంటూ వచ్చింది అందుకే. ఆమె నాయన అయ్యన్న నందికొట్కూరులో భూపేష్ ఇంట డ్రైవరు. ఆ ఇంట్లో తాతల నాటి విదేశీ కారు ఒకటుంది. దానికి క్లచ్చి ఉండదు, గేర్లు దానంతటదే మార్చుకుంటుంది. మొన్న దసరాకు ఆయుధపూజ చేస్తుంటే ఆ కారు ఉన్నట్టుండి వెనక్కి దూకి, డిక్కీకి బొట్లు పెడుతున్న ఆమె తల్లి వెంకటేశ్వరమ్మను గోడకేసి నొక్కేసింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

"హారతికని ఇంజను ఆన్‌లోనే పెట్టి దిగినాడన్నా మా నాయన. పార్కులో పెట్టినావా, రివర్సులో పెట్టినావా అంటే నోరు ఇప్పడు. పోలీసులు కేసు రాసినారు. నువ్వు చూసి చెప్తే వింటామన్నారు," అంది. అంతలోనే, "కేసు అట్లుండనీ. మా అమ్మను సంపింది బండో, మా నాయనో నాకు తెలియల్ల. అంతవరకు ఆయప్ప మొగం నేను చూడలేను" అంది. హెన్రీ సంచీ సర్దుకుని ఆమెతో బస్సెక్కాడు.

కారు షెడ్డులోనే ఉంది. నేల వెనక గోడ వైపు కాస్త వాలుగా ఉంది. గోడకు వేసిన సున్నం ఇంకా తెల్లగా మెరుస్తోంది. అయ్యన్న ఒక మూల గొంతుక్కూర్చున్నాడు. కూతురు అతని పక్కనుంచే పోయి కాఫీ తెస్తానని లోపలికి వెళ్లింది. అతనికేసి చూడను కూడా చూడలేదు.

హెన్రీ ముందుగా తన సంచీలోని చెక్కముక్కలు తీసి టైర్లకు అడ్డం పెట్టాడు. అది అతని ఒంట్లో నాటుకుపోయిన అలవాటు. ఎంత తొందరున్నా అడ్డం లేని బండి మీద చెయ్యి వెయ్యడు. ఇంజను వేడెక్కాక గేరునూనె పుల్ల లాగి, తెల్లగుడ్డకు తుడిచి వాసన చూశాడు. నూనె ఎర్రగానే ఉంది, మాడు వాసన లేదు. అంటే లోపలి పళ్లూ ప్లేట్లూ బాగానే ఉన్నాయి. సీట్లో కూర్చుని బ్రేకు తొక్కిపట్టి గేరు కడ్డీని ఒక్కో గాడిలోకి తోస్తూ పోయాడు. అన్నీ టక్కున పడ్డాయి. పార్కు మాత్రం పడలేదు. గంజిలో గరిటె తిప్పినట్టుంది.

ఇంజను ఆపి కిందికి దూరాడు. కడ్డీకీ గేరుపెట్టెకీ మధ్య ఉండే రాడ్డు చివర, దాన్ని కదలకుండా పట్టి ఉంచే బుష్షు అరిగి పొడైపోయింది. పైన కడ్డీ పార్కులో నిలబడితే, కింద గేరు అంతదూరం పోక రివర్సు అంచున వేలాడుతోంది. ఇంక అనుమానమెందుకు? బయటికి వచ్చి మళ్లీ స్టార్టు చేసి, పార్కులో పెట్టి, దిగి తలుపు దబ్బున వేశాడు. కారు ఒక్క ఉదుటున వెనక్కి ఎగిరి చెక్కల మీద ఆగింది. చూస్తే కడ్డీ పార్కులోనే ఉంది.

"నీ చేతిలో తప్పు లేదయ్యన్నా," అన్నాడు ఇంజను ఆపేసి. "కానీ ఇది నిన్న మొన్నటి రోగం గాదు. ఇన్నాళ్లూ ఎట్ల నెట్టుకొస్తివి?"

అయ్యన్న గోడ వారగా ఉన్న రాయి వైపు చూశాడు. నున్నగా కడిగి, పసుపు పూసి, బొట్టు పెట్టి ఉంది. "దిగేముందర ఎవరో ఒకరితో టైరు ఎనక ఆ రాయి పెట్టిస్తాంటి. భూపేష్ సారుకు చెప్పినా. పూజకో పెండ్లికో తీసే బండి, సర్దుకో అనె. హ్యాండుబ్రేకు కూడా లేదు. రాయి ఉంటే యాడికీ పోదులే అనుకున్యా."

"మరి ఆ దినం?"

"టైరు కింద నిమ్మకాయలు పెట్టల్ల గదప్పా. రాయి ఉంటే నిమ్మకాయ యాడ పెడతారు?" అయ్యన్న ఇంటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "మా పాప తీసింది. కడిగి, బొట్టు పెట్టి, ఆడ పెట్టింది. నేను ఎనక్కి తిరిగి చూసుకోలా. ఆ రాయి ఎందుకుండాదో ఆ పిల్లకు నేను ఎప్పుడూ చెప్పలా."

హెన్రీ చేతిలోని నూనెగుడ్డను కింద పెట్టాడు.

"బండిది తప్పంటే, ఇన్నాళ్లూ ఎట్ల నడిపినావని పోలీసోళ్లూ అడుగుతారు. రాయి సంగతి బయటపడుతుంది. రివర్సులో పెట్టింది నేనేనని చెప్పప్పా. జైలుకైనా పోతా."

"నా నోటితో అబద్ధమా? జన్మలో చెప్పలేదు," అని మండిపడ్డాడు హెన్రీ.

"నీకూ ఆడపిల్లలుండారు గదా," అన్నాడు అయ్యన్న. ఆ మాటతో హెన్రీ కోపమంతా చల్లారిపోయింది.

శివజ్యోతి కాఫీ గ్లాసు తెచ్చి హెన్రీ చేతికిచ్చింది. "ఏమన్నా, ఏముండాది?"

హెన్రీ గ్లాసులోకి చూస్తూ, "బండిలో ఏం లేదు పాపా" అన్నాడు.

ఆమె మొహం గట్టిపడిపోయింది. ఏడవలేదు, అరవలేదు. నాయన వైపు తిరిగి, "ఇంక నన్ను పాపా అనొద్దు" అంది మెల్లగా. అయ్యన్న తల ఊపాడు. అతని మొహంలో కనిపించిన నెమ్మదిని చూడలేక హెన్రీ కాఫీ పక్కన పెట్టేసి గబగబా సర్దుకోసాగాడు. చెక్కముక్కలు ఒక్కొక్కటే లాగి సంచీలో వేసుకున్నాడు. ఎన్నేళ్ల నాటి అలవాటో, నోరు దానంతటదే పలికింది.

"పాపా, టైరెనక ఏదన్నా అడ్డం పెట్టు."

శివజ్యోతి చుట్టూ చూసి, గోడ వారనున్న రాయిని రెండు చేతులా ఎత్తుకొచ్చింది. "ఇది ఈన్నే ఉండె. నిమ్మకాయ పెట్టేకి నేనే తీసినా," అంటూ వంగి టైరు కిందికి తోసింది. నేలలో ఆ రాయికే పడిన గుంట ఉంది. అది అందులో సరిగ్గా కూర్చుంది.

ఆమె చేతులు రాయి మీదే ఆగిపోయాయి.

"బండిలో ఏం లేదంటివి గదన్నా. మళ్ల అడ్డమెందుకు?"

హెన్రీ తల దించుకుని సంచీ మూతి బిగించాడు. అయ్యన్న లేచి వచ్చి ఆమె పక్కన కూలబడి, ఆ వేళ్లను రాయి మీదనుంచి ఊడదీయబోయాడు.

"ఇడువు తల్లీ," అన్నాడు.

ఆమె విడవలేదు.