పెద్ద ముఖం, సన్న చూపు

ఈ ఉదయం నుంచి మా భీమిలి సముద్రం గడ్డకట్టి ఉంది. ఎండ మాత్రం మామూలుగానే కాస్తోంది. మా ఆయన పడవతో సహా ఆ గడ్డ కింద ఉన్నాడు. ఆయన్ను తెచ్చుకోవడానికి మంచు మీద నడుస్తున్నాను. వెనకే మా అత్త కాసులమ్మ వస్తోంది.

ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు గంపంత కన్నం తొలిచిపెట్టారు. పక్కనే సోనార్ సామాన్లమ్మే తాతారావు కొట్టు తెరిచి ఉంది. నీళ్ళలోకి శబ్దం పంపి, అది దేనికైనా తగిలి తిరిగొస్తే తెర మీద గీతగా చూపించే ట్రాన్స్‌డ్యూసర్లు మూడు కొక్కేనికి వేలాడుతున్నాయి. మూడూ ఊపిరి పీలుస్తున్నాయి. కన్నం పూడిపోయేలోగా నాకు కావలసింది ఏదో గుర్తుపట్టాలి.

"ఇది పడవ ఎనకాల బిగించీది సెల్లీ. పడవ కదిల్తేనే దీనికి సూపు," అంటాడు తాతారావు మొదటిదాన్ని చూపించి.

మంచు మీద పెడితే అది పక్కకి ఒరిగి, అత్త కడుపులోని గంజిని తెర మీద చూపిస్తుంది. దాన్ని తిరిగి ఇచ్చేస్తాను.

మిగతా రెండూ తాడుకు నిటారుగా వేలాడేవే. ఒకటి చిన్న ముఖంది, ఒకటి పెద్ద ముఖంది. పెద్దదే ఎక్కువ మేర చూస్తుందనుకుంటాను.

"తిరగేసి అనుకో," అంటాడు తాతారావు. "సిన్న ముఖంది పక్కలన్నీ సూస్తాది. పెద్ద ముఖంది సన్నగా, తిన్నగా కిందికే సూస్తాది."

సముద్రం పెద్దది. మనిషి ఏ మూల ఉన్నా నాకు దొరకాలి. చిన్న ముఖందాన్నే దించి, తాడుకు నోరు ఆనించి, "ఇదిగో, నిన్నేనయ్యా," అని పిలుస్తాను. పెళ్ళైనప్పటి నుంచీ నా పిలుపు అదే. మా వాడలో ఏ ఆడదీ మొగుడి పేరు పలకదు.

తెర నిండా గీతలు లేస్తాయి. "వస్తన్నానే," అని కింది నుంచి ఎందరో బదులిస్తారు. మునిగిన ప్రతి మగవాడూ తన పెళ్ళామే పిలిచిందనుకుంటున్నాడు. కన్నం దగ్గర తోపులాట మొదలై, ఒక్కరికీ దారి దొరకడం లేదు. మడతపెట్టిన పొడి చొక్కాలు మాత్రం పైకి తేలుతున్నాయి. నాకు భయం వేస్తుంది. ఇంతమందికి ఒకే పిలుపేమిటని ఒళ్ళు మండుతుంది కూడా.

పెద్ద ముఖందాన్ని దించి కన్నం అంచు వెంట జరుపుతాను. ఒక చోట తెర మీద ఒకే ఒక్క గీత నిలుస్తుంది.

"పేరెట్టి పిలవే," అంటుంది అత్త.

"కన్నతల్లివి, నువ్వు పిలవొచ్చు కదత్తా."

"ఆడికి మా మావ పేరెట్టినాం. నా నోటంట ఎలాగొస్తాది?"

కన్నం చెంబంత అయింది. పేరు పలికితే మొగుడికి ఆయుష్షు తగ్గుతుందంటారు. నీళ్ళ కింద ఉన్న ఆయుష్షు నాకెందుకు?

"మసేనూ," అంటాను.

గీత వంగి పైకి లేస్తుంది. కన్నంలోంచి చెయ్యి వస్తుంది. పట్టుకుని వెనక్కి నడుస్తాను. మణికట్టు వస్తుంది, మోచెయ్యి వస్తుంది, మళ్ళీ మోచెయ్యే వస్తుంది. అత్త ఆ చేతిని, ఒడ్డు నుంచి అందరూ కలిసి లాగే పెద్దవల తాడులా భుజానికెత్తుకుంటుంది. వాడలోని ఆడవాళ్ళంతా వచ్చి పట్టుకుంటారు. లాగడానికి పాట బదులు ఎవరి మొగుడి పేరు వాళ్ళు గొంతెత్తి అంటున్నారు. ఒక్కో పేరుకీ ఒక్కో మోచెయ్యి పైకొస్తోంది. చెయ్యి ఇసుక దాటి, రోడ్డు దాటి, నాతో పాటు పావురాళ్ళకొండ ఎక్కుతోంది. నా పిడికిట్లో వేళ్ళు వెచ్చగా ఉన్నాయి. భుజం ఇంకా రాలేదు. లాగుతున్నాం.